పిస్తోలు కొనదలచిన రైతు సోదరునకు

గత మాసమున మన సంఘ కార్యాలయము నందు ఎరువుల పంపకము జరుగుచుండగా, మిర్చి రైతు యొకరు నన్ను ప్రక్కకు పిలిచి, “బాబాయిగారూ, మంచి పిస్తోలు ఒకటి చెప్పండి. ధర మరీ ఎక్కువ కాకూడదు. నమ్మకంగా పనిచేయాలి. ఆదివారం పూట గుఱి కొట్టుకోవడానికీ కావాలి, ఇంట్లో ఉంచుకోవడానికీ కావాలి” అని అడిగినారు. ఆయన పంట అమ్ముడుపోయినది. అప్పు తీఱగా చేతిలో కొంత సొమ్ము మిగిలినది. లైసెన్సు దరఖాస్తు కాగితము కూడ తెప్పించియుంచినారు. ఒకప్పుడు నా యింట పిస్తోలు ఉండెనని యెఱిగి నన్నడిగినారు. ఎరువు బస్తాల నడుమ నిలుచుండి చెప్పదగిన సమాధానము కాదు గనుక నాడు ఊరకుంటిని. ఇట్టి ప్రశ్న నన్ను అడిగినవారు ఈ యేడాదిలో ఆయన మూడవవారు. కావున నా అభిప్రాయమును ఈ పత్రికా ముఖముననే వ్రాయుచున్నాను. ఇది నా అభిప్రాయమే కాని సంఘము వారి తీర్మానము కాదు.

నా మాట ముందుగనే చెప్పివేయుదును. గుఱి కొట్టుటకు కావలసిన పనిముట్టు వేఱు, ఇంట కాపుదలకు ఉంచుకొనదలచినది వేఱు. రెంటికిని ఒక్కటియే చాలునని కొన్నవాడు రెండు పనులకును చెడినదానిని కొనును. దుక్కికిని దంతెకును ఒక్క పనిముట్టును వాడ జూచువానిని మనమేమందుము? గుఱియందు ఆసక్తి గలవాడు గాలి పిస్తోలుతో మొదలుపెట్టవలయును. కాపుదల కోరువాడు పిస్తోలు మాట తలపెట్టుటకు ముందు, తనకు నిజముగా ఆయుధమే కావలయునా యని పది దినములు ఆలోచింపవలయును. ఆ పిమ్మటను కావలయు ననిపించినచో పొడుగు తుపాకి వైపు చూడవలయును.

చట్టము కూడ ఈ భేదమును పాటించుచున్నది. 1878 సంవత్సరమున లిట్టను ప్రభువు ఏలుబడిలో వచ్చిన ఆయుధముల చట్టము మన పెద్దల చేతులనుండి తుపాకులను ఊడదీసినది. (కొడగు ప్రాంతపు కొడవలకు మాత్రము నాటినుండి నేటివరకును లైసెన్సు నుండి మినహాయింపు కలదు. ఆ మినహాయింపును 2019 లో మఱి పదేండ్లు పొడిగించినారు. మనకట్టిది లేదు.) నేడు నడచుచున్నది 1959 నాటి చట్టము, 2016 నాటి నియమావళి. ఈ చట్టపు 13వ సెక్షను ప్రకారము, గొట్టము పొడవు ఇరువది యంగుళములకు తగ్గని నునుపు గొట్టపు తుపాకిని రక్షణకు గాని వేడుకకు గాని కోరినను, పైరు కాపుదలకు నోటినుండి మందు దట్టించు తుపాకిని కోరినను, నిరాకరించుటకు వేఱు కారణము లేనప్పుడు అధికారి లైసెన్సు నీయవలసినదే. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు గుఱి అభ్యాసమునకై .22 రైఫిలును కోరినను అంతే. పిస్తోలు, రివాల్వరు కోరువాడు మాత్రము తనకు తగిన కారణము కలదని అధికారికి నచ్చజెప్పుకొనవలయును. ఇరుగుపొరుగు వారికి కలదు గనుక నాకును కావలయుననుట కారణము కాదు.

దరఖాస్తుదారునకు ఇరువదియొకటవ యేడు నిండియుండవలయును. పోలీసువారి విచారణ జరుగును. ఆయుధమును పట్టుకొను పద్ధతిలో శిక్షణ పొందినట్లును, శరీరమును మనస్సును ఆరోగ్యముగ నున్నట్లును పత్రములు కావలయును. ఇంట ఆయుధమును భద్రముగ దాచుటకు ఏర్పాటు కలదని హామీ వ్రాసి యీయవలయును. 2019 సవరణ తరువాత ఒక మనిషి రెండు ఆయుధములకు మించి ఉంచుకొనరాదు. లైసెన్సు గడువు అయిదేండ్లు. పెండ్లి ఊరేగింపులో ఆకాశము వైపు కాల్చినను నేరమే. దానికి రెండేండ్ల వఱకు చెఱ గాని, లక్ష రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ఉత్తరువు ప్రకారము ఆయుధమును పోలీసు ఠాణాలో అప్పగించి, రసీదు తీసికొని, పిమ్మట తెచ్చుకొనవలయును. ఈ తిరుగుడంతయు సంగతి తెలియక కొన్నవారికి మొదటి ఎన్నికలోనే విసుగు పుట్టును.

ఇక ధర సంగతి. ఈ సంతలో ధర గుణమును బట్టి ఏర్పడలేదని రైతు మొట్టమొదట గ్రహింపవలయును. 1980 దశకము నుండి సామాన్య పౌరులు విదేశములనుండి ఆయుధములు తెప్పించుకొనుటకు వీలులేకుండ పోయినది. పేరొందిన గుఱికాండ్రకు మాత్రము ప్రత్యేకముగ అనుమతి కలదు. అందుచేత అంతకు పూర్వము వచ్చిన విదేశీ పిస్తోళ్లే చేతులు మాఱుచు తిరుగుచున్నవి. ఆ దేశములలో సామాన్యపు ధరకు దొరకునది ఇచ్చట లక్షల మీద పలుకును. విత్తనముల కొఱత వచ్చిన యేట, మొలక శాతము చూడకుండ సంచిమీది పేరు చూచి మనము ఇచ్చిన ధరను తలచుకొనుడు. ఇదియు అట్టిదే. ఏబది అఱువది యేండ్ల పాతదైన పిస్తోలుకు, దాని స్ప్రింగులు సడలి, గొట్టము లోపలి గాడులు అరిగియున్నను, పేరును బట్టి ధర కట్టుచున్నారు. దానికి తగిన విడిభాగములు దొరకవు. పట్టణములోని తుపాకుల మేస్త్రీ ఆకురాయితో రాచి చేసిపెట్టిన ముక్క ఎన్నాళ్లు నిలుచునో అతడే చెప్పలేడు.

స్వదేశమున తయారగువానిలో ఎక్కువమంది కొనునవి .32 బోరు రివాల్వరు, .32 బోరు పిస్తోలు. వీనిని చిరకాలము ప్రభుత్వ ఆయుధ కర్మాగారములే చేయుచుండెను. 2021 అక్టోబరు 1వ తేదీన ఆ కర్మాగారముల బోర్డు రద్దయి, ఏడు కంపెనీలుగ విడిపోయినది; చిన్న ఆయుధముల పని కాన్పూరు కేంద్రముగ గల అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అను కంపెనీకి వచ్చినది. 2014 లో కాన్పూరు వారు స్త్రీల కొఱకని ‘నిర్భీక్’ అను తేలిక రివాల్వరును తెచ్చిరి. దాని బరువు సుమారు అర కిలో; నాటి ధర సుమారు 1,22,000 రూపాయలు. 2023 లో ‘ప్రబల్’ అనునది వచ్చినది. దాని గుండు 50 మీటర్లు పోవునని ప్రకటించిరి. ఇటీవల ప్రైవేటు కర్మాగారములకును అనుమతులు వచ్చినవి. ఉత్తర ప్రదేశమునందలి హర్దోయి జిల్లాలో వెబ్లీ అను పాత ఇంగ్లీషు పేరుతో.32 రివాల్వర్లు తయారగుచున్నవి. పోటీ పెరిగినకొలది ధర దిగి పనితనము మెరుగగునని నా ఆశ.

ఈ రెండు రకములలో ఏది నమ్మకమైనది? నన్ను నిలదీసి అడిగినచో రివాల్వరు అందును. దాని యంత్రము మన కంటికి కనబడును. తిరుగు డొల్ల యందు ఆఱు గదులుండును. దానిని తెఱచి చూచినచో ఎన్ని తూటాలున్నవో, లేవో చిన్నవానికైనను తెలియును. ఒక తూటా పేలకున్న మఱల ట్రిగ్గరు లాగిన మఱియొక గది ముందుకు వచ్చును. పిస్తోలు అట్టిది కాదు. పిడిలోని పెట్టెయందు తూటాలు ఒకదానిపై నొకటి పేర్చియుండును. ఒకటి పేలగానే దాని వేగముననే పైనున్న స్లైడు వెనుకకు జరిగి, ఖాళీ డొల్లను పాఱవేసి, మఱియొక తూటాను గొట్టములోనికి ఎక్కించుకొనును. తూటాలో మందు మెత్తబడినను, పెట్టె పెదవి వంగినను, నూనె జిడ్డు గట్టినను నడుమ చిక్కుకొనును. చిక్కుకొనుటకంటెను పెద్ద ప్రమాదమొకటి కలదు: పెట్టెను ఊడదీసిన తరువాత గూడ గొట్టములో ఒక తూటా మిగిలియుండవచ్చును.

ఈ సంగతి పుస్తకములో చదివి వ్రాయుట లేదు. మా మామగారు గతించిన పిమ్మట ఆయన పిస్తోలు యథావిధిగ నా పేర లైసెన్సు మీదికి వచ్చినది. పనితనములో లోపము లేనిది. ఆ తప్పు ముమ్మాటికిని నాదే. ఒక కార్తిక మాసపు సాయంకాలమున దానిని తుడుచుటకై పెట్టె ఊడదీసి బల్లపై నుంచితిని. పెట్టె చేతికి వచ్చినది గనుక పిస్తోలు ఖాళీ అయినదనుకొంటిని. గోడవైపు త్రిప్పి ట్రిగ్గరు లాగితిని. గుండు గోడకు ఆనించిన చెక్క తలుపును చీల్చుకొని ఆవల పశువుల సావిడిలో గాటి కొయ్యకు దిగినది. ఆ కొయ్యకు రెండు మూరల దూరమున నా భార్య పాలు పితుకుచుండెను. ఆమె చెంబు క్రిందపెట్టి లోపలికి వచ్చి, నా ముఖము చూచి, “ఏమండీ, ఇది మనకెందుకు?” అని మాత్రము అన్నది. నాకు సమాధానము తోచలేదు. ఆ యేడే దానిని వదలించుకొంటిని. పదునేడేండ్లు మా యింట నుండి అది ఒక్క దొంగను బెదరించినది లేదు, ఒక్క పందిని తరిమినది లేదు. అది చేసిన పని ఆ గాటి కొయ్యకు వేసిన చిల్లి యొక్కటియే.

కావున పిస్తోలు చేతబట్టువాడు నేర్వవలసిన వరుస యిది. ముందు పెట్టెను ఊడదీయుట, పిదప స్లైడును పూర్తిగ వెనుకకు లాగి అట్లే నిలుపుట, గొట్టము మొదటి గదిలో కంటితో చూచి చిటికెన వ్రేలితో తడవి తెలిసికొనుట. ఈ వరుస తలక్రిందైనచో, అనగా ముందు స్లైడు లాగి తరువాత పెట్టె తీసినచో, క్రొత్త తూటా గొట్టములో చేరియుండును. అన్నియు చేసిన పిమ్మటను దానిని మనిషివైపు త్రిప్పరాదు.

పాత ఆయుధమును కొనక తప్పదనువారికి కొన్ని పరీక్షలు చెప్పుదును. మొదట ఖాళీ అయినదని రూఢి చేసికొనవలయును. అటుపిమ్మట గొట్టములోనికి వెలుతురు పంపి చూడవలయును. లోపలి గాడులు మెఱయుచు అంచులు తీరుగ నుండవలయును. నల్లని గుంటలు కనబడినచో త్రుప్పు లోపలికి తిన్నదన్నమాట. గొట్టము చుట్టును నడుమ ఒకచోట ఉంగరమువలె నీడ కనబడినచో గుండు లోపల చిక్కుకొనియుండగా మఱియొకటి కాల్చినారని అర్థము. అట్టిదానిని ముట్టవలదు. రివాల్వరు నందు గుఱ్ఱమును లాగి నిలిపి డొల్లను చేతితో కదిపి చూడవలయును. అది అటునిటు ఎక్కువగ ఆడినచో గది గొట్టముతో సూటిగ కలియదు. కాల్చినప్పుడు సీసము ప్రక్కలకు చిమ్మును. పిస్తోలు నందు పెట్టెలు రెండైనను ఉన్నవో లేవో చూడవలయును, ఏలయన చెడునది ముందుగ పెట్టెయే. ఆయుధముపై చెక్కిన అంకెను లైసెన్సులోని అంకెతో అక్షరాక్షరము సరిచూడవలయును. ఒకరినుండి యొకరు నేరుగ కొనుచో, అమ్మువాడు జిల్లా మేజిస్ట్రేటునకు గాని దగ్గఱి ఠాణాకు గాని కొనువాని వివరములతో వ్రాతమూలకముగ తెలిపి, 45 దినములు గడచిన పిమ్మటనే అప్పగింపవలయును. ఈ గడువు పాటింపకుండ “ఇవాళే తీసుకుపొండి” అని తొందరపెట్టువానివద్ద కొనరాదు.

ఇప్పుడు గుఱి సంగతికి వత్తము. ఇందు నాకు ఉత్సాహము మెండు. ఇంట ఉంచుకొను చిన్న ఆయుధము గుఱికి ఎందుకు పనికిరాదో లెక్క వేసి చూపెదను. ముందు గుర్తునకును వెనుక గుర్తునకును నడుమ దూరము 100 మిల్లీమీటర్లనుకొందము. చేయి కొంచెము కదలి ముందు గుర్తు ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు పోయినచో, 10 మీటర్ల దూరమున గుండు 10 సెంటీమీటర్లు తప్పును, 25 మీటర్ల వద్ద 25 సెంటీమీటర్లు, 50 మీటర్ల వద్ద అర మీటరు తప్పును. ప్రబల్ రివాల్వరు గొట్టము పొడవు 76 మిల్లీమీటర్లు. దాని గుండు 50 మీటర్లు పోవచ్చును; మన చేయి అంత దూరము పోవలదా? గుర్తుల నడుమ దూరము 300 మిల్లీమీటర్లున్నచో అదే తప్పునకు 10 మీటర్ల వద్ద మూడు సెంటీమీటర్ల చిల్లర మాత్రమే తొలగును. పోటీలకు వాడు పిస్తోళ్లు పొడవుగను కొంత బరువుగను ఉండుటకు కారణమిది. తేలిక రివాల్వరును జేబులో మోయుట సుఖము. కాల్చునప్పుడు అది చేతిలో ఎగిరిపడును, పది తూటాలు కాల్చునప్పటికి నేర్చుకొనువాడు చప్పుడునకు ముందే కన్ను మూయుటకు అలవాటుపడును. ఆ అలవాటు మాన్పుటకు ఏడాది పట్టును.

ఇంకొక లెక్క. 10 మీటర్ల గాలి పిస్తోలు పోటీలో ఒకనికి 60 గుండ్లు. వారమునకు మూడు దినములు ఒక్కొక్క పోటీ చొప్పున అభ్యాసము చేసినచో వారమునకు 180, ఏడాదికి తొమ్మిది వేల పైచిలుకు. సామాన్య లైసెన్సుపై కొనదగిన తూటాలకు పరిమితి కలదు. ఆ పరిమితిలో దొరకు తూటాలతో ఎవ్వడును గుఱికాడు కాజాలడు. తూటా ధర చూచినను గుండె దడదడలాడును. కావున .32 పిస్తోలు కొన్నవారిలో పెక్కురు ఏడాదికి పది తూటాలైనను కాల్చరు. కాల్చనివానికి చేయి కుదురదు. చేయి కుదురనివాని యింట ఆ ఆయుధముండుట కాపుదల యెట్లగును?

గాలి పిస్తోలునకు ఈ చిక్కులు లేవు. బోరు .177 అంగుళము, అనగా నాలుగున్నర మిల్లీమీటర్లు, మించక, గొట్టము విడుచునప్పటి శక్తి 20 జౌళ్లకు మించనిచో దానికి లైసెన్సు అక్కఱలేదు. పోటీలలో వాడునది ఇదియే. దాని సీసపు గుళ్లు డబ్బాల లెక్కను అగ్గువగ దొరకును. పది మీటర్ల దూరమున నుంచు కాగితముపై పది మార్కుల వలయము అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. మన కందిగింజలు రెండు ప్రక్కప్రక్కన పెట్టినంత. దానిని నిలువబడి, ఒంటిచేత, ఎచ్చటను ఆనకుండ కొట్టవలయును. పిస్తోలు బరువు కిలోన్నరకు మించరాదు; ట్రిగ్గరు అర కిలో బరువునకు తక్కువలో జారరాదు. శ్వాస నిలుపుట, వ్రేలు మెల్లగ బిగించుట, ముందు గుర్తుపైననే చూపు నిలుపుట — గుఱివిద్య యంతయు ఈ మూటిలోనే కలదు. వీనిని పెద్ద చప్పుడు లేకుండ నేర్చుకొనవచ్చును.

ఈ విద్య మన ప్రాంతమువారికి కొత్తదియు కాదు. హైదరాబాదునుండి వచ్చిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో 10 మీటర్ల గాలి రైఫిలునందు కాంస్య పతకము పొందినాడు. తెలంగాణకు చెందిన ఈషా సింగ్ 2023 లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో పిస్తోలు పోటీలయందు నాలుగు పతకములు తెచ్చినది. అందు ఒకటి జట్టుకు వచ్చిన స్వర్ణము. ఆ మఱుసటి యేడు పారిస్ ఒలింపిక్సుకు కూడ వెళ్లినది. హైదరాబాదు గచ్చిబౌలి ప్రాంతమున ప్రభుత్వపు గుఱిశాల కలదు. పిస్తోలు కొనుటకు ముందు ఇట్టి గుఱిశాలకు పోయి అచ్చటి పిస్తోలుతో నాలుగు వారములు కొట్టి చూడుడని నా సలహా. ఎద్దును కొనుటకు ముందు కాడి కట్టి నాలుగు చాళ్లు తోలి చూచుట లేదా?

కొనునప్పుడు ఏది కొనవలయును? స్టెయిర్, మోరిని, వాల్తర్, పార్డిని అను విదేశీ పోటీ పిస్తోళ్లు గొప్పవి, ధరయు గొప్పదే. కొత్తవాడు వానికి పోనక్కఱలేదు. చేతితో ఒక్కమాఱు తెఱచి మూసినంతనే గాలి నిండు రకము కొత్తవానికి మేలు. దానికి గాలి సీసా అక్కఱలేదు. ఊరిలో గాలి నింపువాడు లేడను బెంగ లేదు. స్ప్రింగుతో నడచునది అగ్గువయే కాని, గుండు వెలువడుటకు ముందే చేతిలో కుదుపు పుట్టును. గాలి సీసాతో నడచునది మెత్తనిది. పాతది కొనుచో సీసాపై తయారైన తేదీని తప్పక చదువవలయును. పదేండ్లు దాటిన సీసాను పోటీలలో అంగీకరింపరు, నింపుటయు అపాయము. పిడి మన చేతికి సరిపోవలయును. అఱచేయి చిన్నదైనవాడు పెద్ద పిడిని కొని పిమ్మట రంపముతో కోయుట నేను చూచినాను.

గాలి పిస్తోలు బొమ్మ కాదు. పది మీటర్లవద్ద కన్ను పోగొట్టుటకు అది చాలును. గుఱి వెనుక మట్టిగోడ గాని, గుళ్లను పట్టు ఇనుప పెట్టె గాని ఉండవలయును. కంటికి అద్దములు పెట్టుకొనవలయును. గుళ్లు సీసము గనుక చేతులు కడుగక అన్నము తినరాదు. పిట్టలను కొట్టుటకు దానిని పిల్లల కిచ్చు తండ్రితో నాకు సమాధానము లేదు.

ఇక, “నాకు గుఱి వేడుక కాదు, పొలములో మోటారు పోయినది, ట్రాన్స్‌ఫార్మరులో రాగితీగె కోసికొనిపోయినారు, పందులు మొక్కజొన్న నేలమట్టము చేసినవి, అందుకే పిస్తోలు” అనువారున్నారు. వారి కడుపుమంట నాకు తెలియును. కాని మోటారు దొంగను కాల్చి చంపుటకు చట్టము హక్కు నీయదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వఱకు గల సెక్షనులు ఆత్మరక్షణను గూర్చినవి. దోపిడి, రాత్రివేళ ఇల్లు పగులగొట్టుట, నివాసమునకు నిప్పు పెట్టుట, ప్రాణభయము కలిగించు దొంగతనము వంటి కొన్ని సందర్భములందే ప్రాణము తీయు వఱకు ఆ హక్కు పోవును. ఒట్టి దొంగతనమునకు పోదు. చీకటిలో పారిపోవుచున్నవాని వీపుపై కాల్చినచో మోటారు పోయినది గాక మన పొలము కూడ వకీళ్ల పాలగును. అడవిపంది 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము క్రిందనున్నది. అనుమతి లేక చంపరాదు. అనుమతి దొరకినను పిస్తోలు దానికి తగినది కాదు. గాయపడిన పంది ఎట్టిదో ఎదుర్కొన్నవారికి తెలియును.

మఱియొక సంగతి వ్రాయుటకు చేయి వెనుకాడుచున్నది, కాని వ్రాయకుండ నుండలేను. పంట పోయి, వడ్డీ పెరిగి, మనసు విఱిగిన రాత్రులు మన ఇండ్లలో ఎన్నియో వచ్చి పోయినవి. పురుగుమందు డబ్బా ఇంట నుండుటచేతనే పోయిన ప్రాణములు ఈ మండలములో మనమందఱము ఎఱుగుదుము. చెడు ఘడియ తఱచు ఒక గంటలో గడచిపోవును. అప్పుడు చేతికి ఏది అందుబాటులో నున్నదో దానిపై ప్రాణము ఆధారపడియుండును. మందు త్రాగినవానిని ఆసుపత్రికి చేర్చుటకైనను కొంత వ్యవధి యుండును. పిస్తోలు ఆ వ్యవధి నీయదు. ఇంట నెవరైన అట్టి దిగులులో నున్నచో ఆయుధమును తాత్కాలికముగ ఠాణాలో గాని, లైసెన్సు గల వర్తకునివద్ద గాని దాచియుంచుటకు చట్టములో వీలున్నది. సిగ్గుపడక ఆ వీలును వాడుకొనవలయును.

ఇంత చెప్పినను లైసెన్సు పొంది ఆయుధము నుంచుకొనువారు ఉందురు. వారు దానిని ఖాళీగ, గోడకు బిగించిన ఇనుప పెట్టెలో, తాళము వేసి ఉంచవలయును. తూటాలు వేఱొక పెట్టెలో, వేఱొక తాళముతో నుండవలయును. తాళపుచెవి దేవుని పటము వెనుకనో, బియ్యపు డబ్బాలోనో పెట్టవలదు. అచ్చట వెదకుట పిల్లలకు మనకంటె బాగుగ తెలియును. తోలు తొడుగులో నిలువయుంచరాదు. తోలు చెమ్మను పట్టి ఇనుమునకు త్రుప్పు ఎక్కించును; మన కోస్తా వానకాలమున రెండు నెలలలోనే మచ్చ వేయును. పలుచని నూనె పూసిన గుడ్డతో నెలకొకమాఱు తుడిచిన చాలును. నూనె ఎక్కువైనను దుమ్ము పట్టి జిడ్డగును, తూటాలకు అంటినచో వాని మందును చెఱచును. వేళ్ల చెమట ఉప్పు గనుక ముట్టిన దినముననే తుడుచుట మంచిది.

మన సంఘముద్వారా పిస్తోలు కొనుగోలుకు అప్పు ఇప్పింపవచ్చునా అని కూడ ఒకరు అడిగియున్నారు. సేద్యపు పెట్టుబడికై సభ్యులు దాచుకొన్న సొమ్మును ఇందుకు వాడరాదని నా దృఢాభిప్రాయము. దీనిపై ఎవరితోనైనను వాదింతును. దానికి బదులు వేఱొక ప్రతిపాదన వ్రాసి కార్యదర్శిగారి కిచ్చినాను: స్ప్రేయర్లను ఉమ్మడిగ కొని వంతులవారీగ వాడుకొనుచున్నట్లే, రెండు గాలి పిస్తోళ్లు, ఒక గుళ్ల పెట్టె సంఘము పేర కొని, ఉన్నత పాఠశాల వెనుకనున్న ఖాళీ ప్రహరీలో, పాఠశాల పెద్దలు ఒప్పుకొన్నచో, సెలవు దినములందు పదునాలుగేండ్లు దాటిన పిల్లలకు, పెద్దలకు పెద్దమనిషి యొకరి పర్యవేక్షణలో గుఱి నేర్పించుట. సంఘపు గిడ్డంగి వేసవిలో ఖాళీగ నుండును గదా, అచ్చటనే చేయవచ్చునని ఉపాధ్యక్షులు సూచించినారు. నేను ఒప్పుకొనలేదు. గుళ్లు పగిలినప్పుడు రేగు సీసపు దుమ్ము నేలలో నిలిచి ఆశ్వయుజములో మన ధాన్యము క్రింద చేరును. గిడ్డంగి గింజలకే యుండవలయును.

ఆ మిర్చి రైతు మొన్న మఱల కలసినారు. ఈ మాటలలో సగము నోట చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, “అయితే ముందు గచ్చిబౌలి పోయి చూసొస్తా బాబాయిగారూ, మా అమ్మాయినీ వెంట తీసుకెళ్తా, దానికి నాకంటే చెయ్యి కుదురు” అన్నారు. దరఖాస్తు కాగితము ఇంకను నింపలేదట. నా ప్రతిపాదన వచ్చు సర్వసభ్య సమావేశమునకు వచ్చును; వ్యతిరేకించువారు కూడ తప్పక వచ్చి మాట్లాడవలయునని కోరుచున్నాను.